పోతాప్రగడ అనే ఇంటిపేరుకు అర్థం ఏమిటి? ఎక్కడ పుట్టింది, ఎంతమందికి ఉంది?

తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీ ఇంటిపేరు పోతాప్రగడ. స్కూల్లో "దున్నపోతు" అని ఏడిపించేవారు. పెద్దయ్యాక ఒకాయన "ప్రగడ అంటే పగడం, మీ పూర్వీకులు పగడాలు అమ్మేవాళ్లు" అన్నారు. ఇప్పుడు మీ పాపను స్కూల్లో తన ఇంటిపేరు గురించి ఒక పేజీ రాసుకు రమ్మన్నారు. అర్థం ఏమిటి, మీవాళ్లు ఎక్కడివాళ్లు, మొత్తం ఎంతమంది ఉంటారు, పాప పాస్‌పోర్టులో 'త' అక్షరానికి 'టీ' ఒక్కటే రాయించాలా 'టీహెచ్' రాయించాలా అన్నవి మీరు అడిగినవి.

నేను ముప్ఫై ఏళ్లు జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పాను. ఇంటిపేర్లు పోగుచేయడం, అడిగినవాళ్లకు వంశవృక్షం కట్టి ఇవ్వడం అంతకంటే పాత అలవాటు. ప్రగడతో ముగిసే ఇంటిపేర్లంటే నాకు ప్రత్యేకంగా ఇష్టం. అందుకే ఈ జవాబు కాస్త పొడుగవుతుంది.

ముందు సూటిగా జవాబు: పోతాప్రగడ అంటే "పోతయ అనే ప్రెగడ గారి ఇంటివాళ్లు". ప్రెగడ అంటే మంత్రి, పాలనలో పెద్ద ఉద్యోగి. పగడానికీ దీనికీ సంబంధం లేదు, దున్నపోతుకు అసలే లేదు. మీ వంశంలో ఎప్పుడో పోతయ అనే మనిషి ఒకరు ప్రెగడ ఉద్యోగం చేశారు. ఆయన పిల్లల్నీ మనవల్నీ ఊరివాళ్లు "పోతయ ప్రెగడ గారివాళ్లు" అని పిలిచారు. ఆ పిలుపే ఇంటిపేరుగా నిలిచిపోయింది.

ఇప్పుడు ఎందుకలా అంటున్నానో చెబుతాను.

ప్రెగడ పాత మాట. అంతకంటే పాత రూపం పెర్గడ. ఇందులో మొదటి ముక్క 'పెర్' అంటే పెద్ద. రాజుగారి నిండు కొలువును మన పాత పద్యాల్లో 'పేరోలగం' అంటారు కదా, పేర్ కలిసిన ఓలగం, పెద్ద సభ అని. అదే పేర్ ఇక్కడా ఉంది. ఈ ఉద్యోగం పేరు తెలుగు నేలకూ కన్నడ నేలకూ ఉమ్మడిది. కన్నడంలో పాత 'ప' తర్వాతి కాలంలో 'హ' అయింది. మన పాలు వాళ్లకు హాలు, మన పులి వాళ్లకు హులి. అలాగే అక్కడ పెర్గడె కాస్తా హెగ్గడె అయింది. ధర్మస్థల ధర్మాధికారులకు ఉన్న హెగ్గడె అనే బిరుదు, కర్ణాటక తీరంలో విరివిగా వినిపించే హెగ్డే అనే ఇంటిపేరు ఆ మాటే. మీ ఆఫీసులో హెగ్డే అనే సహోద్యోగి ఉంటే, మీ ఇద్దరి ఇంటిపేర్లకూ మూలపదం ఒకటేనని ఆయనకు ధైర్యంగా చెప్పవచ్చు. చుట్టరికం మాటల మధ్యనే సుమండీ, మనుషుల మధ్య కాదు.

తెలుగులో వేరే మార్పు జరిగింది. మాట మధ్యలో ఉన్న 'ర' ముందుకు జరిగి మొదటి హల్లుకు అతుక్కోవడం మన భాషకు బాగా అలవాటు. తమిళంలో మరం, మనకు మ్రాను. అదే తీరున పెర్గడ ప్రెగ్గడ అయింది, ఆ తర్వాత ప్రెగడ, చివరికి ప్రగడ. ఇంకో మెట్టు కూడా ఉంది. వాడుకలో ఆ 'ర' నెమ్మదిగా రాలిపోతుంది. మ్రాను మాను అయింది, క్రొత్త కొత్త అయింది, ప్రాత పాత అయింది, గ్రుడ్డి గుడ్డి అయింది. ఈ లెక్కన మీ ఇంటిపేరు 'పోతాపగడ' కావాలి. మాట్లాడేటప్పుడు చాలామంది అలాగే అంటారు కూడా. కానీ ఇంటిపేరు దస్తావేజుల్లో, జాతకాల్లో, శుభలేఖల్లో తరతరాలుగా ఒకే తీరున రాస్తూ వచ్చారు కాబట్టి రాతలో 'ర' నిలిచింది. మీకు పగడం కథ చెప్పినాయన అబద్ధం చెప్పి ఉండరు. నోట్లో 'ర' జారిపోయిన రూపం విని, అందులో తనకు తెలిసిన మాట వెతుక్కున్నారు. జనం చెప్పే వ్యుత్పత్తి కథలు చాలావరకు ఇలాగే పుడతాయి.

ఈ మాట ఉద్యోగం పేరే అనడానికి నాకు బాగా నచ్చే ఆధారం హనుమకొండలో ఉంది. పద్మాక్షి గుట్ట మీద 1117 నాటి శాసనం. కాకతీయ రెండో ప్రోలరాజు దగ్గర మంత్రిగా ఉన్న బేతన భార్య మైలమ అక్కడ కడలాలయ బసది అనే జైన ఆలయం కట్టించి, దానికి భూమి ఇచ్చిన సంగతి అందులో ఉంది. ఆ బేతన పేరు పక్కన ఉన్నది ఈ పెర్గడే. బేతన పెర్గడ. తొమ్మిది వందల ఏళ్ల కిందటి రాతిమీద మీ ఇంటిపేరులో సగం ఉంది. మీ పాపను ఒకసారి ఆ గుట్టకు తీసుకెళ్లండి, నోటుబుక్కులో రాసేదానికంటే బాగా గుర్తుంటుంది.

రెండో ఆధారం మనందరం స్కూల్లో చదువుకున్నదే. మహాభారతం తెలుగు చేసిన ముగ్గురిలో ఎర్రనను ఎర్రాప్రగడ అంటాం. చాలామంది ప్రగడను ఆయన ఇంటిపేరు అనుకుంటారు. కాదు. ఆయన ఇంటిపేరు చదలువాడ అని చెబుతారు. ప్రెగడ ఆయన సొంత పేరుకు చేరిన గౌరవ పదం. 14వ శతాబ్దంలో అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్నవాడు ఆయన. ఎర్రయ ప్రెగడ అన్నది తొందరగా పలికితే ఎర్రాప్రెగడ. సరిగ్గా అదే దారిలో పోతయ ప్రెగడ పోతాప్రెగడ అయింది. మీ పేరులో 'తా' దీర్ఘం అక్కడి నుంచి వచ్చిందే.

అంటే మొదట అది ఒక మనిషి పేరు, ఆ తర్వాతే ఇంటిపేరు. ఎల్లాప్రగడ, మల్లాప్రగడ, చెన్నాప్రగడ, అన్నాప్రగడ కూడా ఇలా పుట్టినవే. ఎల్లయ, మల్లయ, చెన్నయ, అన్నయ అనే మనుషులు ఒక్కో ఇంటిపేరు వెనక ఉన్నారు. ఉద్యోగం ఇంటిపేరు కావడం ప్రగడలకే పరిమితం కాదు. తిక్కనగారి ఇంటిపేరు కొట్టరువు, ధాన్యం నిల్వచేసే కొట్టారు నుంచి వచ్చింది. రాయసం అంటే రాజుగారి ఉత్తరాలు, ఉత్తర్వులు రాసే పని. భండారు అంటే ఖజానా. గోపరాజు, మాచిరాజు వంటి ఇంటిపేర్లలోని రాజు కూడా సింహాసనం ఎక్కిన రాజు కాదు, మంత్రులకూ, ఊరి లెక్కలు రాసే కరణాలకూ పేరు చివర చేర్చే గౌరవ పదం.

ఇక్కడ ఒక హెచ్చరిక. ప్రెగడ అనగానే కిరీటాలు, దర్బారులు ఊహించుకోవద్దు. ఈ మాట రాజుగారి ప్రధాన మంత్రికీ వాడారు, చిన్న సీమలో లెక్కలు చూసే అధికారికీ వాడారు. మీ పోతయగారు ఏ స్థాయివారో ఇంటిపేరు ఒక్కటే చూసి చెప్పలేం. నా దగ్గరికి వచ్చే పదిమందిలో ఏడెనిమిది మంది "మా పూర్వీకులు కృష్ణదేవరాయల మంత్రులు" అనే మాటతోనే మొదలుపెడతారు. అలా వచ్చిన ఒక మల్లాప్రగడ కుటుంబం కోసం పాత ఇనాం రికార్డులు, అంటే ఉచితంగా ఇచ్చిన మాన్యం భూముల వివరాలుండే పుస్తకాలు, తిరగేశాను. దొరికింది ఒక చిన్న ఊరి కరణీకం, దాని కింద కొన్ని ఎకరాల మాన్యం. పెద్దాయన మొహం చిన్నబోయింది. కానీ ఆ కాగితంలో ఆయన ముత్తాత తండ్రి పేరు, ఆయనకు అన్నదమ్ములు ఎంతమంది, ఏ చెరువు కింద ఏ భూమి అన్నీ ఉన్నాయి. వారం తర్వాత ఫోన్ చేసి, ఆ చెరువు ఇప్పటికీ ఉందని, గట్టుమీద కూర్చుని మాట్లాడుతున్నానని చెప్పారు. ఆయన గొంతు వణికింది. నాకు రాయల మంత్రి కథ కంటే ఆ చెరువే విలువైనదిగా అనిపించింది.

ఇంకో హెచ్చరిక కులం గురించి. ప్రగడ ఉంటే నియోగి బ్రాహ్మణులే అని చాలామంది తేల్చేస్తారు. పేరుతో కలిసిన ప్రగడలు, మీలాంటివాళ్లు, ఎక్కువగా ఆ శాఖలో కనిపిస్తారన్నది నిజం. కరణీకాలు, మంత్రిత్వాలు వాళ్ల చేతుల్లో ఎక్కువగా ఉండేవి కాబట్టి. కానీ ఇందాక చెప్పిన బేతన ఇంటివాళ్లు కట్టించింది జైన బసది. మన కాలానికి వస్తే, చేనేత కార్మికుల కోసం జీవితమంతా పనిచేసి, చీరాల నుంచి శాసనసభకు వెళ్లిన ప్రగడ కోటయ్యగారు నేతపనివారి బిడ్డ. ఆయన ఇంటిపేరు ఒట్టి ప్రగడ. ఉద్యోగం ఎవరు చేస్తే ఆ పేరు వారిది. ఇంటిపేరు చూసి కులం చెప్పేయడం నాకు మొదటినుంచీ నచ్చని పని, ఆధారాల లెక్కన చూసినా అది తప్పే.

ఊళ్ల పేర్లలో కూడా ఈ మాట ఉంది. ఏలూరు జిల్లాలో చింతలపూడి దగ్గర ప్రగడవరం ఉంది. జగిత్యాల జిల్లాలో పెగడపల్లి ఉంది. 'ర' రాలిపోయిన ప్రెగడగానే నేను ఆ పేరును చదువుతాను. కొందరు ప్రగడలు "మాది ప్రగడవరం, అందుకే ఈ ఇంటిపేరు" అంటుంటారు. ఒట్టి ప్రగడ అయితే ఆ దారి కూడా చూడాలి. మీది పోతాప్రగడ కాబట్టి మీకు ఊరి పేరుతో పని లేదు, మీ పేరులోనే మనిషి ఉన్నాడు.

ఇక పోత సంగతి. చిన్నప్పుడు మీరు పడిన బాధకు జవాబు ఇక్కడుంది, అందుకని నింపాదిగా రాస్తాను.

పోతు అంటే మగ జంతువు అన్నది నిజమే. మేకపోతు, పందిపోతు, దున్నపోతు. కానీ మనుషులకు పోతన, పోతయ, పోతమ్మ అని పేరు పెట్టినప్పుడు మనవాళ్లు తలుచుకున్నది పోతురాజును. పోతురాజు గ్రామదేవతకు తమ్ముడు, ఊరికి కాపలాదారు. తీరపు ఊళ్లలో అమ్మవారి గుడి ముందు పోతురాజు రాయి ఉంటుంది. హైదరాబాదు బోనాల్లో ఒంటినిండా పసుపుతో, కాళ్లకు గజ్జెలతో, చేతిలో కొరడాతో అమ్మవారి ముందు నడిచేది ఆయనే. పోలేరమ్మకు మొక్కుకుంటే పుట్టిన బిడ్డకు పోలయ్య, పోలమ్మ అని పెట్టినట్టే పోతురాజు పేరున పోతయ్య, పోతమ్మ అని పెట్టారు.

ఇది పెద్ద ఇళ్లలో పెట్టని పేరు అనుకుంటే అదీ పొరపాటే. భాగవతం తెనిగించిన బమ్మెర పోతన పేరు అందరికీ తెలుసు. మళ్లీ ఎర్రన ఇంటికే వెళ్దాం. ఆయన తాతగారి పేరు ఎర్రపోతన, తల్లి పేరు పోతమాంబ. పండితుల ఇంట్లో అటు తాత, ఇటు తల్లి ఇద్దరి పేర్లలోనూ పోత ఉంది. మీ పాప క్లాసులో ఎవరైనా నవ్వితే ఈ ముక్క ఒక్కటి చెబితే చాలు. "ఆదికవి నన్నయ వదిలేసిన అరణ్యపర్వాన్ని పూర్తిచేసిన కవిగారి అమ్మ పేరు, మా ఇంటిపేరు ఒకే మాటతో మొదలవుతాయి" అని.

పోతినేని, పోతుకూచి, పోతులూరి, పోతంశెట్టి ఇవన్నీ కూడా 'పోత' లేదా 'పోతు'తో మొదలవుతాయి. వాళ్లంతా మీకు బంధువులని అర్థం కాదు. ఒకప్పుడు ఊరికి నలుగురైదుగురు పోతయ్యలు ఉండే కాలం నుంచి వచ్చిన పేర్లు ఇవి.

ఎంతమంది ఉంటారు అన్న ప్రశ్నకు వద్దాం. మన జనాభా లెక్కలు ఇంటిపేర్ల వారీగా సంఖ్యలు ప్రచురించవు. అందుకని ఖచ్చితమైన అంకె ఎవరు చెప్పినా నమ్మకండి. ఇంటిపేరు టైప్ చేస్తే ప్రపంచంలో ఇంతమంది అని చూపించే వెబ్‌సైట్లు ఉన్నాయి. మీ పేరు ఇంగ్లీషులో 'టీ'తో రాస్తే ఒక అంకె, 'టీహెచ్'తో రాస్తే ఇంకో అంకె, ప్రగడను విడగొట్టి రాస్తే మూడో అంకె చూపిస్తాయి. పైగా ఇంటిపేరును ఒట్టి ఇనీషియల్‌గా రాసుకునే మనవాళ్లు సగంమంది వాటి లెక్కలోకే రారు. ఓటర్ల జాబితాల్లో వెతకడం దానికంటే నయం, ఎందుకంటే అవి తెలుగులో ఉంటాయి, ఊరి వారీగా ఉంటాయి. మీ తాతగారి ఊరు, దాని చుట్టుపక్కల పోలింగ్ కేంద్రాల జాబితాలు చూస్తే మీవాళ్లు ఇంకా ఎవరున్నారో ఒక సాయంత్రంలో తేలిపోతుంది.

నా అనుభవం చెప్పమంటే, ఇన్నేళ్లలో పోతాప్రగడ వారివి నాలుగు కుటుంబాలు తారసపడ్డాయి. నాలుగూ కృష్ణా, గోదావరి జిల్లాల మూలాలే. మల్లాప్రగడలు అంతకంటే చాలా ఎక్కువమంది కలిశారు. అరుదైన పేరనే నేనూ అంటాను.

ఎందుకు అరుదు అంటే, ఊరిపేరు ఇంటిపేరైతే ఆ ఊరు వదిలి వెళ్లిన ప్రతి కుటుంబానికీ అది రావచ్చు. ఏ కులమైనా, ఏ కాలమైనా. అందుకే కందుకూరి, గుంటూరు, నెల్లూరు వంటి ఇంటిపేర్లు ఎక్కడ చూసినా ఉంటాయి. మనిషి పేరుతో ఉద్యోగం కలిసిన ఇంటిపేరు అలా కాదు. ఒక పోతయ, ఆయన మగ సంతానం, అంతే. ఆడపిల్లలు పెళ్లయి వెళితే ఆ పేరు ఆగిపోతుంది. కొడుకును దత్తత ఇస్తే పేరు మారిపోతుంది. కుటుంబం వేరే ఊరికి తరలితే కొత్త ఊళ్లో జనం పాత ఊరి పేరుతో పిలవడం మొదలుపెడతారు, రెండు తరాల్లో అదే ఇంటిపేరై కూర్చుంటుంది. రాధాకృష్ణన్‌గారు పుట్టింది తిరుత్తణిలో, కానీ వాళ్లింటిని పట్టుకుని ఉన్నది నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి. ఇలా ఎన్ని ప్రగడ కుటుంబాలు ఊరి పేర్ల కింద కలిసిపోయి ఉంటాయో!

అయితే పోతాప్రగడలందరూ ఒకే మూలపురుషుడి సంతానమా? అలా అనుకోవద్దు. పోతయ అనే పేరు మామూలు పేరు, ప్రెగడ ఉద్యోగం ఒక్కచోటే లేదు. ఇద్దరు వేరువేరు పోతయ ప్రెగడలు ఉండడానికి అడ్డేమీ లేదు. దీన్ని తేల్చడానికి మొదట అడగాల్సింది గోత్రం, ప్రవర (వంశ ఋషుల పేర్లు), సూత్రం (ఇంట్లో కర్మలకు పాటించే గ్రంథం). నేను కూడా ఒకప్పుడు ఇక్కడ తప్పు చేశాను. కాలేజీలో చేరిన కొత్తలో ఒక కుటుంబానికి, "ఇంటిపేరు ఒకటే కాబట్టి ఆ ఊరివాళ్లు మీ దాయాదులే" అని చెప్పేశాను. ఆ మాట పట్టుకుని వాళ్లు ఖాయం కావలసిన పెళ్లి సంబంధం వదులుకోబోయారు. పురోహితుడు రెండు వైపులా గోత్రాలు అడిగి, వేరు అని తేల్చి, నా మాట సరిదిద్దారు. పెళ్లి జరిగింది. అప్పటినుంచి గోత్రం అడగకుండా ఎవరికీ దాయాదులనే మాట చెప్పను.

ఇప్పుడు మీ పోతయగారిని ఎలా వెతకాలో చెబుతాను. అర్థం తెలుసుకోవడం సగం పని మాత్రమే.

మొదట ఇంట్లోనే మొదలుపెట్టండి. మీ నాన్నగారు తద్దినం పెట్టేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత మూడు పేర్లూ చెబుతారు, వసు రుద్ర ఆదిత్య రూపాలుగా. ఆ మూడు పేర్లు గోత్రంతో సహా ఒక కాగితం మీద రాయించుకోండి. చాలామంది కొడుకులకు ఈ పేర్లు తెలియవు, తండ్రి పోయాక పురోహితుణ్ని అడుగుతారు. మీ నాన్నగారి ముత్తాత వరకు వెళితే మీకు అప్పటికే నాలుగు తరాలు తెలిసినట్టు.

అటువైపు నుంచి వచ్చే దారి ఇనాం రికార్డు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858 తర్వాత ఇనాం కమిషన్ ఊరూరా మాన్యాలను విచారించి రిజిస్టర్లు రాసింది. వీటిని రెవెన్యూవాళ్లు ఐఎఫ్ఆర్ అంటారు, ఇనాం ఫెయిర్ రిజిస్టర్ అని. మాన్యం ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, అప్పటికి ఎవరి అనుభవంలో ఉంది, ఆయన వారసులెవరు, విస్తీర్ణం, టైటిల్ డీడ్ నంబరు ఇవన్నీ ఉంటాయి. ఎక్కువగా చేతిరాత ఇంగ్లీషు. 1860ల నుంచి ఇప్పటికి దాదాపు ఆరు తరాలు. తద్దినం నుంచి నాలుగు మీ చేతిలో ఉన్నాయి, మధ్యలో ఒకటో రెండో పేర్లు కలిస్తే లంకె పడిపోతుంది. ఆ లంకె సాధారణంగా పాత దస్తావేజుల్లో దొరుకుతుంది. అమ్మకం కాగితంలోనో భాగపరిష్కార పత్రంలోనో "ఫలానా వారి కుమారుడు" అని తండ్రి పేరు తప్పకుండా రాస్తారు. ఇంట్లో ట్రంకుపెట్టె ఉంటే ముందు అది తెరవండి.

నిజాం రాష్ట్రంలో ఉన్న ఊళ్లకు ఈ రిజిస్టర్లు ఉండవు. అక్కడి పాత రికార్డులు ఉర్దూ, ఫారసీల్లో ఉంటాయి, చదివిపెట్టే మనిషిని వెతుక్కోవాలి.

కరణీకం ఉన్న ఇళ్ల దగ్గర అదనంగా లెక్కల కట్టలు ఉండేవి. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యాక చాలామంది అటకమీద పడేశారు. కొందరు చెదలు పట్టాయని తగలబెట్టారు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది. మీ బంధువుల్లో ఎవరింట్లోనైనా అలాంటి కట్ట మిగిలి ఉంటే కదిలించకుండా ముందు ఫోన్‌తో ఫొటోలు తీయండి. పేజీలు విరిగిపోతాయి, తిప్పేటప్పుడు కింద అట్ట పెట్టండి.

కాశీ, గయ వెళ్లిన పెద్దలుంటే అక్కడ యాత్రికులకు కర్మలు చేయించే పండాల దగ్గర వారి పేరు, ఊరు, సంతకం పుస్తకాల్లో ఉండే అవకాశం ఉంది. ఊరి పేరు చెప్పి అడగాలి, ఇంటిపేరు ఒక్కటే చెబితే వాళ్లు వెతకలేరు. మీ ఊరికి కైఫియత్తు ఉందేమో కూడా చూడండి. రెండు వందల ఏళ్ల కిందట మెకంజీ దొర ఊరూరా మనుషుల్ని పంపి రాయించిన స్థానిక చరిత్రలు అవి. కరణాలు చెప్పిన కథలు వాటిలో ఎక్కువ, మిరాశీ, అంటే వంశపారంపర్య హక్కు, ఎవరికి ఎలా వచ్చిందో చెప్పే కథలు మరీ ఎక్కువ. వాటిని నమ్మే ముందు ఇంకో ఆధారంతో సరిచూసుకోవాలి.

చివరగా పాస్‌పోర్టు. మీ పాస్‌పోర్టులో ఎలా ఉందో పాపకూ అక్షరం మార్చకుండా అలాగే రాయించండి. 'టీ' సరైనదా 'టీహెచ్' సరైనదా అన్న చర్చకు అర్థం లేదు. నేను చూసిన పాత ఇనాం రికార్డుల్లో 'త'కు 'టీ' ఒక్కటే రాశారు, 'టీహెచ్' మన దక్షిణాదిలో తర్వాత బలపడిన అలవాటు. రెంటిలో ఏది రాసినా తెలుగులో మాట ఒకటే. తండ్రీబిడ్డల కాగితాల్లో తేడా వస్తే మాత్రం వీసా దగ్గర, కాలేజీ దగ్గర అఫిడవిట్ల టెన్షన్ మొదలవుతుంది.

దానికంటే పెద్ద ప్రమాదం పేరును రెండు ముక్కలు చేయడం. ఒక ఇంట్లో అన్నదమ్ములిద్దరి పిల్లలు నా దగ్గరికి వచ్చారు. ఒక స్కూలు రిజిస్టర్లో ఎవరో 'పోతా' తర్వాత ఖాళీ వదిలారు. ఇప్పుడు ఒక వైపు పిల్లల ఇంటిపేరు ప్రగడ, పోతా వాళ్లకు నడిమి పేరు. రెండో వైపు వాళ్లు పోతాప్రగడలు. ఆస్తి కాగితాల దగ్గర తాము ఒకే తాత మనవలమని రుజువు చేసుకోవడానికి వాళ్లకు ఏడాది పట్టింది. ఫారం నింపేటప్పుడు ఖాళీ లేకుండా ఒకే మాటగా రాయండి, ఇంటిపేరు గడిలో ఇంటిపేరే రాయండి.

ఆ గడి ఎంత ముఖ్యమో చెప్పడానికి భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావుగారు ఉన్నారు. 1925లో తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ఆయన ఇచ్చిన భాస్వరం కొలిచే పద్ధతి ప్రపంచమంతా ల్యాబుల్లో ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా తెలుసు. ఫోలిక్ యాసిడ్ తయారీలో, బోదకాలు మందులో ఆయన చెయ్యి ఉంది. ఒక శిలీంధ్రానికి ఆయన గౌరవార్థం పెట్టిన పేరు సుబ్బారోమైసిస్. అమెరికాలో అందరికీ ఆయన సుబ్బారావే. ఎల్లాప్రగడ అనే మాట ఆ పద్ధతి పేరులోనూ లేదు, ఆ శిలీంధ్రం పేరులోనూ లేదు. ఆయన ఘనతకు దానివల్ల లోటేమీ లేదు కానీ, ఒక ప్రెగడ పేరు లోకం నోళ్లలో నానే అవకాశం పోయిందని ఆ పేర్లంటే ఇష్టమున్న నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

పాప పేజీకి ఈ నాలుగు వాక్యాలు సరిపోతాయి: మా ఇంటిపేరు పోతాప్రగడ. పోతయ మా పూర్వీకుడి పేరు, ఊరిని కాపాడే పోతురాజు మీద పెట్టిన పేరు. ప్రగడ ఆయన చేసిన ఉద్యోగం, మంత్రి అని అర్థం. 1117లో హనుమకొండ రాతిమీద చెక్కిన పెర్గడ అనే మాటే ఇది.

మీ తాతగారి ఊరు, గోత్రం, తద్దినంలో చెప్పే మూడు పేర్లు కనుక్కుని ఇక్కడే కింద రాయండి. ఊరు కృష్ణా, గోదావరి జిల్లాల్లోదైతే నేను ఇదివరకు చూసిన నాలుగు కుటుంబాలతో పోల్చి, కలుస్తుందో లేదో చెబుతాను.